వచ్చిపోయే సర్వర్ల లెక్క

కోవిల్‌పట్టి దాటి తిరునల్వేలి వైపు పోతుంటే కయత్తారు దగ్గర రోడ్డుకు రెండు పక్కలా గాలిమరలు కనిపిస్తాయి. 1799 అక్టోబరులో వీరపాండ్య కట్టబొమ్మన్నను ఈస్టిండియా కంపెనీవాళ్లు ఉరి తీసిన ఊరు అదే. జాతీయ పవనశక్తి సంస్థవారి గాలిమరల పరీక్షా కేంద్రం కూడా ఇప్పుడు అక్కడే ఉంది. ఒక గాలిమర నిలబెట్టారంటే ఇరవై ఏళ్లు అది ఆ చేలోనే ఉంటుంది. దానికో నంబరు, దానికో సెన్సారు, కంట్రోల్ రూము తెర మీద దానికో గడి. కంప్యూటర్ల మీద కన్నేసి ఉంచే మానిటరింగ్ వ్యవస్థలను కూడా మొదట్లో ఈ నమ్మకం మీదే కట్టారు. పెట్టిన యంత్రం పెట్టినచోటే ఉంటుంది, దాని పేరూ చిరునామా ఒకసారి రాసుకుంటే చాలు అనుకున్నారు. క్లౌడ్ వచ్చాక ఆ నమ్మకం చెల్లలేదు.

క్లౌడ్‌లో సర్వరంటే గంటల లెక్కన, సెకన్ల లెక్కన అద్దెకు తీసుకునే యంత్రం. రద్దీ పెరిగితే ఆటో స్కేలింగ్ నాలుగు కొత్త సర్వర్లను లేపుతుంది, రద్దీ తగ్గగానే రెండింటిని తీసేస్తుంది. వాటికి పేరు పెట్టిన మనిషి లేడు. వాటి చిరునామా ఎవరూ రాసుకోలేదు. అలాంటప్పుడు వాటి బాగోగులు చూడాల్సిన వ్యవస్థకు అవి ఉన్నాయని చెప్పేదెవరు? ఆటో డిస్కవరీ అనే పని ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టింది. ఇరవై ఏళ్లుగా వచ్చిన పద్ధతులన్నీ కొత్త సర్వర్‌ను ఎంత తొందరగా కనిపెడతామా అని పోటీ పడ్డాయి. అది చాలావరకు తేలిపోయిన సంగతే. ఒక సర్వర్ కనిపించకుండా పోయినప్పుడు అది కూలిపోయిందా, పని ముగించుకుని వెళ్లిందా అన్నది తేల్చడం ఇంకా కష్టంగానే ఉంది. అది ఎవరిదో చెప్పగలగడం అంతకన్నా కష్టం. ఈ వ్యాసంలో పద్ధతులను నేను తూచేది ఆ రెండింటితోనే.

విరుదునగర్, కోవిల్‌పట్టి వైపు నుంచి ఈ ప్రశ్నను చూడడానికి కారణం ఉంది. ఈ నల్లరేగడి సీమలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు వందల ఏళ్లుగా ఉన్నాయి. నాయుళ్లు, రెడ్డియార్లు, రాజులు. ఆ వలస కథను తమిళంలో నవలగా రాసిన కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్. కోయంబత్తూరు కుప్పుస్వామి నాయుడు పెట్టిన లక్ష్మీ మిల్స్‌కు కోవిల్‌పట్టిలో ఒక శాఖ ఉంది. విరుదునగర్ జిల్లా రాజపాళయం తెలుగు రాజుల కుటుంబం 1936లో నూలు మిల్లుతో మొదలుపెట్టి, 1960ల మొదట్లో విరుదునగర్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాతి తరంలో అదే కుటుంబం నుంచి రామ్‌కో సిస్టమ్స్ వచ్చింది. చెన్నై నుంచి పనిచేసే ఈ కంపెనీ వ్యాపార సంస్థలకు ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌ను క్లౌడ్ మీద అందిస్తుంది. పశ్చిమాన తెన్‌కాశి పక్కన మత్తళంపారైలో జోహో కంపెనీ 2011లో ఆఫీసు తెరిచింది. 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో పుట్టిన ఆ కంపెనీ మొదటి సరుకే నెట్‌వర్క్ పరికరాలను నిర్వహించే సాఫ్ట్‌వేర్. ఆ సంస్థవైన ఆప్‌మేనేజర్, సైట్24x7 అనే మానిటరింగ్ ఉత్పత్తులు ఈ రంగంలో ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. అంటే సర్వర్లను కనిపెట్టే పనిముట్ల తయారీ ఈ చుట్టుపక్కలకు దూరపు సంగతి కాదు.

వాటిని వాడాల్సిన వాళ్లూ ఇక్కడ ఉన్నారు. నూలు మిల్లు, అగ్గిపెట్టెల కంపెనీ, శివకాశి ప్రింటింగ్ ప్రెస్సు, ఇంజినీరింగ్ కాలేజీ. 2023 ఆగస్టు నుంచి ఏడాదికి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారానికి జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి అయింది. బిల్లు పోర్టల్‌కు ఎక్కకపోతే సరుకు లారీ కదలదు. ఆ బిల్లింగ్ ప్రోగ్రాం ఇప్పుడు చాలాచోట్ల క్లౌడ్ సర్వర్ మీద నడుస్తోంది. దాన్ని చూసుకోవడానికి పెద్ద నగరాల కంపెనీల్లో ఒక విభాగమే ఉంటుంది. ఇక్కడ ఒకరుంటారు. ప్రింటర్ చెడినా, వైఫై పోయినా, సర్వర్ ఆగినా ఫోన్ వెళ్లేది ఆ ఒక్కరికే. ఏ పద్ధతి మంచిదని అడిగినప్పుడు నా మనసులో ఉండేది ఆ మనిషి.

పాత పద్ధతి నుంచి మొదలుపెడదాం. ఒక యంత్రం ఉందా లేదా అని తట్టి చూసే పింగ్ ప్రోగ్రామును మైక్ మ్యూస్ 1983 డిసెంబరులో రాశాడు. యంత్రాన్ని దాని ఆరోగ్యం గురించి అడిగే ఎస్ఎన్ఎంపీ భాష 1988లో ప్రమాణంగా వచ్చింది. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ నెట్‌సెయింట్ పేరుతో విడుదల చేసి, 2002లో నాగియోస్ అని పేరు మార్చిన వ్యవస్థ ఒక తరం అడ్మిన్లకు అన్నం పెట్టింది. అందులో ప్రతి సర్వర్ పేరూ ఐపీ చిరునామా ఫైల్లో చేత్తో రాయాలి. సర్వర్లు ఇరవై ఉన్నప్పుడు అది బాధ అనిపించదు, పైగా మంచిది కూడా. రాసిన మనిషికి ప్రతి యంత్రం ఎందుకుందో తెలుస్తుంది.

చేత్తో రాసే శ్రమ తగ్గించడానికి వచ్చిన మొదటి ఉపాయం నెట్‌వర్క్ మొత్తాన్ని గాలించడం. ఫలానా చిరునామా నుంచి ఫలానా చిరునామా దాకా ఒక్కోదాన్ని తట్టు, జవాబిచ్చినదాన్ని పట్టికలో చేర్చు. 1997లో వచ్చిన ఎన్‌మ్యాప్ ఈ పనికి పేరుమోసింది. జాబిక్స్, ఆప్‌మేనేజర్ లాంటి వ్యవస్థలు దీన్ని లోపలే కలుపుకున్నాయి. మిల్లు ఆవరణలో ఉన్న స్విచ్చులు, కెమెరాలు, ప్రింటర్లు, పాత కంప్యూటర్లను కనిపెట్టడానికి ఈనాటికీ ఇంతకన్నా సులువైన దారి లేదు. క్లౌడ్‌లో మాత్రం ఇది నాలుగు వైపులా దెబ్బ తింటుంది. అమెజాన్ క్లౌడ్‌లో ఒక ప్రైవేట్ నెట్‌వర్క్‌కు తొలుత ఇచ్చుకోగల పెద్ద పరిధిలో 65,536 చిరునామాలు ఉంటాయి. ఒక్కొక్క దగ్గర ఒక్క సెకను ఆగుతూ వరసగా పోతే చివరిదాకా చేరేసరికి పద్దెనిమిది గంటలు పడుతుంది. ఒకేసారి చాలావాటిని తట్టి సమయం తగ్గించవచ్చు కానీ, ఈలోపల పుట్టి పోయిన సర్వర్ ఎప్పటికీ కనపడదు. రెండోది, అక్కడ సెక్యూరిటీ గ్రూపులు బయటి తలుపులన్నీ మూసే ఉంచుతాయి. మనం తెరవమని చెప్పకపోతే పింగ్‌కు జవాబు రాదు. జవాబు రాని సర్వర్ లేనట్టే లెక్క. మూడోది, రెండు వేరు వేరు నెట్‌వర్కుల్లో ఒకే 10.0.1.15 ఉండొచ్చు. నాలుగోది అన్నిటికన్నా మోసకరమైనది. ఒక సర్వర్ పోయాక దాని చిరునామా మరో కొత్త సర్వర్‌కు వెళ్తుంది. చిరునామానే గుర్తుగా పెట్టుకున్న వ్యవస్థ రెండింటి చరిత్రనూ ఒకే గీతగా గీస్తుంది. నిన్న డేటాబేస్, ఇవాళ వెబ్ సర్వర్, గ్రాఫ్ ఒకటే.

ఐపీవీ6 వచ్చాక గాలింపు మాట ఎత్తనక్కర్లేదు. అక్కడ ఒక్క సబ్‌నెట్‌లోనే 1 పక్కన 19 సున్నాలు పెట్టినదానికన్నా ఎక్కువ చిరునామాలు. సెకనుకు పది లక్షల చొప్పున తట్టినా అయిదు లక్షల ఏళ్లు దాటిపోతాయి.

రెండో దారిలో వెతుకులాటే ఉండదు, సర్వరే వచ్చి తన పేరు చెప్పుకుంటుంది. లాత్వియాకు చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ 2001లో విడుదల చేసిన జాబిక్స్‌లో దీన్ని ఆటో రిజిస్ట్రేషన్ అంటారు. సర్వర్ ఇమేజ్‌లోనే చిన్న ఏజెంట్ ప్రోగ్రామును పెట్టి ఉంచుతారు. సర్వర్ లేవగానే ఆ ఏజెంట్ మానిటరింగ్ కేంద్రానికి ఫోన్ చేసినట్టు కనెక్ట్ అయి, నా పేరు ఇది, నేను లినక్స్, నేను వెబ్ సర్వర్ అని హోస్ట్ మెటాడేటా చెబుతుంది. ఆ మాటను బట్టి కేంద్రం దాన్ని సరైన గుంపులో చేర్చి, సరైన టెంప్లేట్ తగిలిస్తుంది. ఏజెంటే బయటికి వస్తుంది కాబట్టి లోపలికి తలుపు తెరవక్కర్లేదు. సొంత పబ్లిక్ చిరునామా లేని బ్రాడ్‌బ్యాండ్ వెనక ఉన్న కోవిల్‌పట్టి మిల్లు కంప్యూటరు, ముంబై డేటా సెంటర్లోని క్లౌడ్ సర్వరు ఒకే పట్టికలోకి వస్తాయి. సగం యంత్రాలు ఆవరణలో, సగం క్లౌడ్‌లో ఉన్న మన ఊళ్ల సంస్థలకు ఇది చిన్న మేలు కాదు.

దీని కంటికి కనపడనివీ ఉన్నాయి. ఏజెంట్ లేని సర్వర్ నోరు విప్పదు. ఎవరో తొందరలో మామూలు ఉబుంటు ఇమేజ్‌తో ఒకటి లేపారనుకోండి, మానిటరింగ్‌కు దాని ఉనికే తెలియదు. అసలు తెలియాల్సింది అలాంటివాటి గురించే. ఇమేజ్ తయారుచేసేటప్పుడు హోస్ట్‌నేమ్‌ను ఫైల్లో రాసి వదిలేస్తే, దాని నుంచి పుట్టిన సర్వర్లన్నీ ఒకే పేరు చెబుతాయి, కొలతలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. అమెజాన్‌లో ప్రతి సర్వర్‌కూ (అక్కడి మాటలో ఇన్‌స్టాన్స్) ఇంకెవరికీ రాని ఐడీ ఉంటుంది, పేరుగా దాన్ని వాడడమే సరైన పని. రిజిస్ట్రేషన్ పోర్టు తెలిసిన ఎవరైనా వచ్చి నేనూ మీ సర్వర్నే అని చెప్పుకోగలరు కాబట్టి, ముందే పంచుకున్న రహస్య కీ లేకుండా దీన్ని ఇంటర్నెట్ వైపు తెరిచిపెట్టడం ప్రమాదం.

మూడో దారి అన్నిటిలోకీ గట్టిది. సర్వర్లను అద్దెకిచ్చిన క్లౌడ్ కంపెనీనే అడగడం. ఎవరు పుట్టారో, ఎవరు పోయారో దానికి తెలియకుండా జరగదు. అమెజాన్ ఈసీ2 సేవ 2006 ఆగస్టులో బీటాగా మొదలైంది. ఆటో స్కేలింగ్, క్లౌడ్‌వాచ్ 2009 మేలో వచ్చాయి. మొదటి నుంచీ అక్కడ ప్రతి పనికీ ఏపీఐ, అంటే ప్రోగ్రాములు నేరుగా అడిగే దారి, ఉంది. డిస్క్రైబ్ ఇన్‌స్టాన్సెస్ అని అడిగితే ఉన్న సర్వర్లన్నిటి పట్టిక వస్తుంది. ఐడీ, లోపలి చిరునామా, రకం, స్థితి, లేచిన సమయం, ట్యాగులు. తలుపులు మూసుకున్న సర్వర్, ఏజెంట్ లేని సర్వర్ కూడా ఈ పట్టిక నుంచి తప్పించుకోలేవు.

దీన్ని అందంగా వాడుకున్నది ప్రొమీథియస్ అనే మానిటరింగ్ వ్యవస్థ. గూగుల్‌లో పనిచేసి వచ్చిన మ్యాట్ ప్రౌడ్, జూలియస్ వోల్జ్ 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో దీన్ని మొదలుపెట్టారు. 2016లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో కూబర్నెటిస్ తర్వాత చేరిన రెండో ప్రాజెక్టు ఇదే. ప్రొమీథియస్ మామూలుగా ప్రతి 60 సెకన్లకు ఒకసారి క్లౌడ్‌ను అడిగి సర్వర్ల పట్టిక తెచ్చుకుంటుంది. ట్యాగులన్నిటినీ లేబుళ్లుగా మార్చి, వాటిలో ఏవి ఉంచాలో ఏవి వదలాలో రీలేబెలింగ్ నియమాలతో మనల్ని తేల్చుకోమంటుంది. మానిటర్ అన్న ట్యాగ్ ఉన్నవాటినే చూడు, ఎన్విరాన్‌మెంట్ ట్యాగ్‌లో టెస్ట్ అని ఉంటే రాత్రి ఫోన్ చేయకు అని రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. సైట్24x7 లాంటి సేవలు ఇదే పనిని తెర మీద నాలుగు నొక్కులతో చేస్తాయి. మన అమెజాన్ ఖాతాలో వాటికి చదివే హక్కు మాత్రమే ఉన్న రోల్ ఇస్తే, అవే వచ్చి చూసి చేర్చుకుంటాయి. జాబిక్స్ కొత్త వెర్షన్లలోనూ అమెజాన్‌ను నేరుగా అడిగే టెంప్లేట్లు వచ్చాయి.

ఈ దారిలో జాగ్రత్తలు కొన్ని వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే జనం ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. అమెజాన్ ఏపీఐ రీజియన్ల (డేటా సెంటర్లున్న ప్రాంతాల) వారీగా జవాబిస్తుంది. ముంబైని అడిగితే ముంబై సర్వర్లే చెబుతుంది. ముంబై రీజియన్ 2016 జూన్‌లో, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో తెరిచారు. ముంబై ఒక్కటే ఉన్న రోజుల్లో మానిటరింగ్‌ను కట్టుకుని రీజియన్ పేరును అందులో రాసిపెట్టుకున్న సంస్థకు, తర్వాత ఎవరో హైదరాబాద్‌లో లేపిన సర్వర్ ఎప్పటికీ కనపడదు. పైగా 2019 మార్చి తర్వాత వచ్చిన రీజియన్లను ఖాతాలో విడిగా ఆన్ చేసుకోవాలి, హైదరాబాద్ కూడా అలాంటిదే. వాటిని పాత తరహా గ్లోబల్ టోకెన్‌తో అడిగితే ఏపీఐ ఒప్పుకోదు. అందుకని రీజియన్ల జాబితాను కూడా ఏపీఐనే అడిగి తెలుసుకునే వ్యవస్థను ఎంచుకోవాలి. సర్వర్లను ఆటోమేటిగ్గా కనిపెట్టి రీజియన్లను చేత్తో రాసుకుంటే పని సగంలో ఆగినట్టే.

అడిగే వేగానికీ హద్దుంది. పట్టిక పేజీకి 1,000 దాకా వస్తుంది, మరీ ఎక్కువగా అడిగితే క్లౌడ్ కాసేపు ఆగమంటుంది. ఆ కోటా ఒక రీజియన్‌లో ఖాతా మొత్తానికి ఉమ్మడి కాబట్టి, మానిటరింగ్ అత్యుత్సాహంతో అడుగుతూ పోతే అదే పట్టికను అడగాల్సిన ఇతర ప్రోగ్రాములు కూడా ఆగిపోవచ్చు. అప్పుడే పుట్టిన సర్వర్ పట్టికలో కొద్ది క్షణాలు ఆలస్యంగా కనిపించొచ్చు. తీసేసిన సర్వర్ గంటదాకా టెర్మినేటెడ్ అన్న ముద్రతో పట్టికలోనే ఉండొచ్చు. స్థితిని చూడకుండా పట్టికలో ఉన్నవన్నీ చేర్చుకునే అమాయక స్క్రిప్టు చచ్చినవాటికి అలర్టులు పంపుతుంది.

హక్కుల సంగతి. డిస్క్రైబ్ హక్కును ఫలానా సర్వర్లకే అని కత్తిరించి ఇవ్వడం అమెజాన్‌లో కుదరదు, ఇస్తే రీజియన్ పట్టిక మొత్తం కనపడుతుంది. అందుకే ఆ పట్టికను చూసే సంస్థ నమ్మకమైనదై ఉండాలి, బయటి సేవకు రోల్ ఇచ్చేటప్పుడు ఎక్స్‌టర్నల్ ఐడీ పెట్టడం మరవకూడదు. పనిలో పనిగా మార్చే హక్కులు కూడా ఇచ్చేయడం మరీ అన్యాయం. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి దాదాపు 10.6 కోట్ల మంది వివరాలు పోయాయి. ఫైర్‌వాల్ అమరికలో తప్పు వల్ల 169.254.169.254 అనే మెటాడేటా చిరునామా నుంచి ఒక రోల్ తాళాలు బయటపడ్డాయి, ఆ రోల్‌కు అవసరానికి మించిన హక్కులున్నాయి. ఆ ఏడాది నవంబరులోనే అమెజాన్ మెటాడేటా సేవకు కొత్త, కట్టుదిట్టమైన రెండో వెర్షన్ తెచ్చింది. మానిటరింగ్ ఏజెంట్లు తమ ఇన్‌స్టాన్స్ ఐడీ తెలుసుకునేది కూడా ఆ చిరునామా నుంచే కాబట్టి, పాత ఏజెంట్లను కొత్త వెర్షన్‌కు మార్చకుండా మెటాడేటాను బిగిస్తే అవి తమ పేరు తాము మరిచిపోతాయి.

అడుగుతూ కూర్చోకుండా, మార్పు జరిగినప్పుడు క్లౌడే కబురు పంపే ఏర్పాటు ఉంది. 2016లో క్లౌడ్‌వాచ్ ఈవెంట్స్‌గా మొదలై 2019లో ఈవెంట్‌బ్రిడ్జ్ అయిన సేవ ఆ పని చేస్తుంది. సర్వర్ లేచింది, ఆగుతోంది, పోయింది అని కబురు క్షణాల్లో వస్తుంది. ఒక కబురు దారిలో తప్పిపోతే దాన్ని ఎవరూ మళ్లీ చెప్పరు కాబట్టి, పక్కన గంటకోసారి పట్టిక తెచ్చుకుని సరిచూసుకునే పద్ధతి ఉండాలి. చిన్న సంస్థలకు నిమిషానికోసారి అడగడమే చాలు.

కూబర్నెటిస్ సంగతి ఇక్కడ ఎక్కువ చెప్పను. అందులో పాడ్లు (ప్రోగ్రాములు నడిచే చిన్న పొట్లాలు) పుట్టడం, పోవడం సర్వర్లకన్నా ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది, అయినా లెక్కంతా ఒకే ఏపీఐ సర్వర్ దగ్గర ఉంటుంది. మార్పులను వెంటవెంటనే వినిపించే వాచ్ సదుపాయం దాని పుట్టుకతోనే ఉంది. కనిపెట్టడం అక్కడ సమస్యే కాదు. అయిదు సర్వర్లున్న మిల్లు కేవలం డిస్కవరీ కోసం కూబర్నెటిస్‌కు వెళ్లడం మాత్రం తగదు.

ఇక కనిపించకుండా పోవడం గురించి. పుట్టుకలు రాసుకుని చావులు రాయని కర్ణం లెక్కలాగా తయారైన మానిటరింగ్ తెరలు చాలాచోట్ల కనిపిస్తాయి. ఆటో డిస్కవరీ పెట్టిన ఆర్నెల్లకు పట్టికలో సగం ఎర్రరంగు, అన్నీ ఎప్పుడో తీసేసిన సర్వర్లు. ఎర్రరంగుకు కళ్లు అలవాటుపడ్డాక నిజంగా పడిపోయిన సర్వర్ ఎర్రగా మారినా ఎవరూ చూడరు. జాబిక్స్ తన డిస్కవరీలో కనపడకుండా పోయినవాటిని ఎంతకాలం ఉంచాలో అడుగుతుంది, చాలాకాలం దాని మామూలు గడువు 30 రోజులు. ఆటో స్కేలింగ్ రోజుకు పది సర్వర్లను మార్చే చోట అది మరీ ఎక్కువ. నెలకోసారి ఆన్ చేసే జీతాల సర్వర్‌కు అదే గడువు సరిపోకపోవచ్చు. ఒకే అంకె అన్నిటికీ నప్పదు.

ప్రొమీథియస్‌లో తప్పు రెండో వైపు జరుగుతుంది. అది ప్రతి సర్వర్‌నూ పలకరించి, పలికితే అప్ అనే కొలతకు 1, పలకకపోతే 0 రాస్తుంది. అందరూ అలర్టును 0 మీద పెడతారు. సర్వర్ పట్టికలోంచే పోతే పలకరించేవారే ఉండరు, 0 కూడా రాదు. 2017 నవంబరులో వచ్చిన రెండో వెర్షన్ నుంచి అలాంటి కొలతను పాతబడిందని గుర్తుపెట్టి గీత ఆపేస్తారు. ఎవరో పొరపాటున బిల్లింగ్ సర్వర్‌ను టెర్మినేట్ చేస్తే తెర మీద ఎర్రరంగు కనపడదు, ఆ వరసే మాయమవుతుంది. ఒక ట్యాగ్ పేరులో అక్షరం మార్చినా ఇదే ఫలితం. ఎర్రటి తెరకన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది ఈ నిశ్శబ్దమే, ఎందుకంటే దీన్ని ఎవరూ వెతకరు. మందు తెలిసినదే. ఈ సేవకు కనీసం ఇన్ని సర్వర్లుండాలి అని ఒక అంకె రాసి, అంతకన్నా తగ్గితే, లేదా ఆ కొలతే లేకపోతే, అలర్ట్ వచ్చేలా విడిగా నియమం పెట్టాలి. ఎన్ని ఉండాలో క్లౌడ్ చెప్పదు. ఆటో స్కేలింగ్ గుంపుకు మనం పెట్టిన కనిష్ఠ సంఖ్య తప్ప, అది మనిషి చెప్పాల్సిన మాట.

క్లౌడ్ ఏపీఐ నుంచి ఖాళీ పట్టిక రావడం ఒకటి, పట్టికే రాకపోవడం వేరొకటి. రోల్ గడువు తీరి ఏపీఐ తిరస్కరించినప్పుడు మంచి వ్యవస్థ పాత పట్టికను అలాగే ఉంచుకుని, నాకు జవాబు రావడం లేదు అని అరుస్తుంది. ప్రొమీథియస్ ఈ విషయంలో సరిగానే నడుస్తుంది. సొంతంగా రాసుకున్న స్క్రిప్టులు తరచు ఇక్కడే బోల్తా పడతాయి. తప్పును ఖాళీ జవాబుగా తీసుకుని సర్వర్లన్నిటినీ ఒకేసారి తుడిచేస్తాయి. ఒక్కసారిగా పదోవంతుకు మించి పట్టికలోంచి పోతే తీసేయకుండా మనిషిని అడుగు అన్న ఒక్క నియమం రాయాలి. ఏ పనిముట్టు కొన్నా, ఈ పరిస్థితిలో అది ఏం చేస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

తగ్గించడం వల్ల పోయిందా, కూలిపోయిందా అని తేల్చడానికి క్లౌడ్ దగ్గర ఆధారం ఉంది. తీసేసిన కారణాన్ని ఏపీఐ చెబుతుంది. ఆటో స్కేలింగ్ తన పనులకు చరిత్ర ఉంచుతుంది. లైఫ్‌సైకిల్ హుక్ పెట్టుకుంటే సర్వర్ పోయే ముందు కొంతసేపు ఆగి, లాగులు పంపి, మానిటరింగ్ పట్టికలోంచి తన పేరు తానే కొట్టివేయించుకుని పోతుంది. చవకగా దొరికే స్పాట్ సర్వర్లకు వెనక్కి తీసుకునే ముందు రెండు నిమిషాల గడువు మాత్రమే ఇస్తారు, అందులోనే ఇదంతా జరగాలి. ఇంత చేసినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఏపీఐ రన్నింగ్ అన్నదంటే యంత్రం నడుస్తోందనే అర్థం. లోపల బిల్లింగ్ ప్రోగ్రాం ఆగిపోయి ఉండొచ్చు. ఉనికికి క్లౌడ్ సాక్ష్యం, ఆరోగ్యానికి ఏజెంట్ సాక్ష్యం. ఏపీఐ పట్టికలో ఉండి ఏజెంట్ల పట్టికలో లేని సర్వర్లెన్ని, ఏజెంట్ పలుకుతూ ఉండి ఖాతా పట్టికలో లేనివెన్ని అని రోజుకోసారి పోల్చి చూసే చిన్న నివేదికకు ఏ రంగుల తెరకూ లేని విలువ ఉంది. మొదటి రకం ఎవరో పద్ధతి తప్పి లేపినవి. రెండో రకం మన ఖాతాలోవి కానివి, మన ఆవరణలోని యంత్రాలు కాకపోతే అవి ఎక్కడ నడుస్తున్నాయో వెంటనే తేల్చాలి.

కనిపెట్టిన సర్వర్ ఎవరిదన్నది చివరి చిక్కు, మన ఊళ్లలో పెద్ద చిక్కు కూడా. అమెజాన్‌లో ఒక సర్వర్‌కు 50 ట్యాగుల దాకా పెట్టుకోవచ్చు. నాకు కావాల్సినవి మూడే. ఎవరి బాధ్యత, ఏ పనికి, ఎప్పటిదాకా. ఇంజినీరింగ్ కాలేజీలు ఇటువైపు తక్కువేమీ లేవు. కోవిల్‌పట్టి నేషనల్ ఇంజినీరింగ్ కాలేజీ, కృష్ణన్‌కోయిల్ కలసలింగం కాలేజీ రెండూ 1984లోనే మొదలయ్యాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు క్లౌడ్‌లో సర్వర్ లేపడం ఇప్పుడు విద్యార్థులకు మామూలు పని. పరీక్షలయ్యాక పిల్లలు ఉద్యోగానికి చెన్నైకో బెంగళూరుకో వెళ్లిపోతారు, సర్వర్ నడుస్తూనే ఉంటుంది. వ్యాపారాల్లో కూడా అంతే. బయటి కాంట్రాక్టరు ఒకటి పెట్టి ఇచ్చి, ఒప్పందం ముగియగానే వెళ్లిపోతాడు. ఆటో డిస్కవరీ ఆ సర్వర్‌ను కనిపెట్టి పచ్చరంగులో చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉంది, ఎవరికీ అక్కర్లేదు, సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎవరూ పెట్టడం లేదు. పట్టికలో ఇలాంటిది ఒకటున్నా మిగతావాటి భద్రత మాట్లాడుకోవడం దండగ.

చట్టం వైపు నుంచీ దీనికి బరువు వచ్చింది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన జరిగిందని తెలిసిన 6 గంటల్లో దానికి తెలియజేయాలి, లాగులను 180 రోజులు ఉంచాలి. ఒక సర్వర్ ఉందనే తెలియని సంస్థ దాని లాగులు ఎలా ఉంచుతుంది? దానిలోకి ఎవరో చొరబడితే ఆరు గంటల గడియారం ఎవరి ముందు మొదలవుతుంది? బాధ్యత ట్యాగ్ లేని సర్వర్‌ను అసలు లేవనివ్వకుండా క్లౌడ్ పాలసీలోనే అడ్డుపెట్టవచ్చు. ఆ నియమం పెట్టిన వారంలో అందరూ విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ఆ ట్యాగ్‌లో మనిషి పేరు రాయకుండా పదవి పేరో విభాగం పేరో రాయడం మంచిది, ఎందుకంటే మనుషులు ఊళ్లు మారతారు.

ఇంత సాంకేతికం మధ్య జనం మరిచిపోయే డిస్కవరీ పనిముట్టు ఇంకొకటి ఉంది, నెలనెలా వచ్చే బిల్లు. రీజియన్ పేరు రాయడం మరిచిపోవడం, ట్యాగ్ తప్పడం, ఏజెంట్ లేకపోవడం దానికి అడ్డు రావు. 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకూ గంటకు 0.005 డాలర్లు వసూలు చేస్తోంది. సర్వర్‌కు తగిలించి ఉన్నా, ఖాళీగా పడి ఉన్నా అదే రేటు. నెలకు మూడున్నర డాలర్లు పెద్ద మొత్తం కాదు, కానీ బిల్లులో ఆ గంటలు లెక్కపెడితే ఎన్ని తలుపులు ఇంటర్నెట్ వైపు ఉన్నాయో అంచనా దొరుకుతుంది. వాడని రీజియన్ పేరు బిల్లులో కనిపిస్తే అక్కడ ఏదో ఉందన్నమాట.

ఒక్క మనిషి చూసుకునే సంస్థకు నేను సూచించే ఏర్పాటు ఇది. మిల్లు ఆవరణలో నెట్‌వర్క్ గాలింపు, రోజుకోసారి చాలు. క్లౌడ్‌లో చదివే హక్కు మాత్రమే ఉన్న రోల్‌తో ఏపీఐ డిస్కవరీ, అన్ని రీజియన్లకూ. సర్వర్ ఇమేజ్‌లో ఏజెంట్, రహస్య కీతో. ప్రతి సేవకూ కనిష్ఠ సంఖ్య, అది తగ్గితే ఫోన్. రెండు పట్టికల తేడా ఉదయం తొమ్మిదికి ఆ మనిషికి, నెలాఖరున బిల్లులోని రీజియన్ల వరసలు యజమానికి. వీటిలో దేనికీ పెద్ద సాఫ్ట్‌వేర్ ఖర్చు లేదు, జాబిక్స్, ప్రొమీథియస్ ఉచితంగా దొరుకుతాయి. ఖర్చయ్యేది మొదట్లో కూర్చుని ఏ సర్వర్ ఎవరిదో రాసుకునే సమయం. యజమాని ఆ సమయాన్ని ఇవ్వాలి, ప్రింటర్ బాగుచేయమని మధ్యలో పిలవకుండా.